ఒక్కపొద్దు మాత్ర

శుక్రవారం సాయంత్రం లక్ష్మీకాంతమ్మను అంబులెన్సు ఎక్కించి తలుపులు వేసిన చోట మనం కథ ఆపాం. అప్పటికి ఆమెకు మూడు రోజులుగా నోటినిండా పుళ్లు, రెండు రోజులుగా జ్వరం. నీళ్లు మింగడం కూడా కష్టమైపోయింది. ప్రొద్దుటూరులో ఆ వారం ఎవరికి జ్వరం వచ్చినా డెంగీ అనే అనుకుంటున్నారు కాబట్టి ఈమెకూ అదే అనుకున్నారు. నోటి పుళ్ల విషయంలో మాత్రం వంటమనిషి నుంచి వాచ్‌మన్ దాకా అందరిదీ ఒకటే మాట. కార్తీకమాసం మొదలైనప్పటి నుంచీ రోజూ ఒక్కపొద్దు ఉంటోంది, పొద్దున టిఫిన్ లేదు, వేడి చేసింది అన్నారు. మజ్జిగ తాగించారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. పుళ్లు తగ్గలేదు.

అది శుక్రవారం సంగతి. ఇవాళ సోమవారం.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్లకు ఒక మాట చెప్పాలి. ‘నిలకడ’ అనేది ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉన్న పెద్దల వసతి గృహం. నాలుగేళ్ల కిందటి వరకు అది కల్యాణ మండపం. ఊళ్లో ఏసీ మండపాలు లేచాక పెళ్లిళ్లవాళ్లు ఇటు చూడడం మానేశారు. యజమాని రాజశేఖర్ ఊరికే కూర్చోలేదు. హాల్లో అడ్డగోడలు కట్టించి, బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించి, నలభై ఒక్కమంది పెద్దవాళ్లను చేర్చుకున్నాడు. పెళ్లి వేదిక మీద ఇప్పుడు టీవీ ఉంది. చదివింపులు రాసుకునే చిన్న గది మందుల గది అయింది.

లక్ష్మీకాంతమ్మ ఉండేది పెళ్లికూతురి గదిలో. డెబ్బై ఒక్కేళ్లకు నాకీ గది దొరికిందని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. పులివెందుల బళ్లో ముప్ఫై ఏళ్లు కుట్టుపని నేర్పిన మనిషి. కీళ్లవాతం వేళ్లను వంకర తిప్పేసింది. సూదిలో దారం మాట అటుంచి జాకెట్టు హుక్కు పెట్టుకోవడమే చేతకాకుండా పోయిన రోజున, తనే బస్సెక్కి వచ్చి ఇక్కడ చేరింది. తమ్ముడి కొడుకు నారాయణ వద్దని ఎంత బతిమాలినా వినలేదు. నారాయణ కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో బూడిద లారీ తోలుతాడు. శుక్రవారం నుంచి లారీ వదిలేసి అత్త మంచం పక్కనే ఉన్నాడు.

ఇక భార్గవి. ‘నిలకడ’లో ఉన్న ఒకే ఒక్క నర్సు. ఇరవై ఏడేళ్లు, ఇడుపులపాయ దగ్గరి పల్లె. ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగాల జాబితాలో ఆమె పేరు వచ్చింది. వచ్చే నెల సర్టిఫికెట్లు చూపించడానికి పోవాలి. ఆ సంగతి ఆమె అమ్మకూ, లక్ష్మీకాంతమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

కార్తీక సోమవారం కదా, నడవగలిగిన వాళ్లందరినీ వ్యానులో శివాలయానికి పంపించారు. ఇల్లు సగం ఖాళీగా ఉంది. ఎనిమిదిన్నరకు భార్గవి ఫోన్ మోగింది. లక్ష్మీకాంతమ్మను చూస్తున్న షరీఫ్ డాక్టరు, ఆసుపత్రి నుంచి. డెంగీ పరీక్షలో ఏమీ లేదని చెప్పాడు. తెల్లకణాలు పన్నెండు వందలకు పడిపోయాయని, ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలే ఉన్నాయని చెప్పాడు. తర్వాత, శుక్రవారం నువ్వు పంపించిన మందుల చార్టు ఫొటో నా ముందర ఉందన్నాడు.

“కీళ్లవాతానికి వారానికొకసారి వేసే పసుపు మాత్ర ఉంది చూడు. అది శనివారం పొద్దున ఇచ్చినట్టు ఈడ నీ సంతకం ఉండాది. ఫొటో నువ్వు పంపింది శుక్రవారం సాయంత్రం. శనివారం ఈమె నా ఆస్పత్రిలో ఉంది. ఎవరికిచ్చినావమ్మా ఆ మాత్ర?”

గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే భార్గవికి ఏదో ఒక జవాబు తోచేదేమో.

మన నర్సు సంతకాల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. నలభై ఒక్కమందికి మూడు పూటలా మాత్రలు, ఒక్కొక్కటికీ చార్టులో ఒక గడి, ప్రతి గడిలో సంతకం. మాత్ర మింగించాకే సంతకం పెట్టాలని భార్గవి నర్సింగ్ పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, మానేసి వెళ్లిపోతున్న పాత నర్సు ఆమెను కూర్చోబెట్టి అసలు పని నేర్పింది. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక వారానికి సరిపడా సంతకాలు ఒకేసారి పెట్టేసుకోవాలి. లేకపోతే సంతకాలే పెడుతూ కూర్చుంటావు, మనుషులను చూడలేవు అంది. ఆ మాటలో అబద్ధం లేదు. భార్గవి నిజంగానే మనుషులను చూసింది. పుండ్లు కడిగింది, గోళ్లు తీసింది, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చార్టు తిరగేసి, ఒక్క గడి కూడా ఖాళీ లేదని మెచ్చుకుని పోయేవారు. మాత్రలు గదిగదికీ తీసుకుపోయి ఇచ్చేది మాత్రం మైమూన్ అనే సహాయకురాలు. ఆమె పేరుకు చార్టులో గడి లేదు.

డాక్టరు అసలు విషయానికి వచ్చాడు. ఆ పసుపు మాత్ర వారానికి ఒకటే వేస్తే మందు. రోజూ వేస్తే ఒంట్లో రక్తం తయారవడమే ఆగిపోతుంది, నోరంతా పుండు పడుతుంది. ఈమెకు ఉన్న లక్షణాలన్నీ అవే. చార్టు చూస్తే నెలలో శనివారాలే ఉన్నాయి. అందుకే తను మూడు రోజులుగా డెంగీ అనుకుని నెత్తి బాదుకుంటున్నానన్నాడు.

“రోజూ పోయిందా లేదా, నాకది ఒక్కటి తెలియాల. పోయింటే విరుగుడు ఇంజక్షన్ ఉంది. అది ఈ ఊర్లో లేదు, కడప నుంచి తెప్పియ్యాల. ఎన్ని మాత్రలు పోయినాయో తెలిస్తే దాన్ని బట్టి ఎంత ఇయ్యాల్నో చూసుకుంటా. ఆలస్యమైతే ఆమె దక్కదు.”

రోజూ పోయే అవకాశమే లేదని భార్గవి చెప్పింది. కనుక్కుని పది నిమిషాల్లో ఫోన్ చేస్తానని కూడా చెప్పింది. మొదటి మాటను ఆమె నిజంగా నమ్మింది.

మైమూన్ కారిడార్ చివర, మంచానపడిన ఒక పెద్దాయన దుప్పటి మారుస్తోంది. నలభై అయిదేళ్ల మనిషి, నడుముకు చున్నీ బిగించి కట్టి పని చేస్తుంది. ప్రొద్దుటూరులోనే పుట్టింది, ఇక్కడే కాపురముంటోంది. భార్గవి ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. లక్ష్మీకాంతమ్మకు పసుపు మాత్ర ఎప్పుడెప్పుడు ఇచ్చావని అడిగింది.

“ఒక్కపొద్దు రోజు,” అంది మైమూన్. “నువ్వు చెప్పినట్లే.”

భార్గవికి ఊపిరి వచ్చింది. అంటే శనివారమే కదక్కా అంది.

మైమూన్ ఆమె వైపు విచిత్రంగా చూసింది. “శనివారం ఏంది సిస్టరమ్మా? ఆమె ఈ నెల పొడుగునా ఒక్కపొద్దే గదా.”

భార్గవి చెయ్యి చాచి, వెనుకనున్న బల్లను పట్టుకుంది.

ఇందులో చిక్కేమీ లేదు, చూడండి. లక్ష్మీకాంతమ్మ ఏళ్ల తరబడి వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దున ఏమీ తినదు, పగలు ఒకసారి అన్నం, అంతే. డాక్టరు వారానికో మాత్ర అన్నప్పుడు, అయితే ఒక్కపొద్దు రోజే వేసుకుంటాను, మరిచిపోయే పనే ఉండదు అని ఆమే అంది. అప్పటి నుంచి దాన్ని అందరూ ఒక్కపొద్దు మాత్ర అనే పిలిచారు. రెండు నెలల కిందట మాత్రలిచ్చే పని మైమూన్‌కు అప్పగించినప్పుడు భార్గవి కూడా అలాగే చెప్పింది. శనివారం అని చెప్పలేదు. ఆమె పొద్దున టిఫిన్ తినని రోజు, ఒక్కపొద్దు రోజు, ఈ పసుపుది ఒకటి అని చెప్పింది. ఆ పేరు అంత సులువుగా ఉంది, అంత బాగా గుర్తుంటుంది. కార్తీకమాసం వస్తే ఒక్కపొద్దు రోజుకోసారి వస్తుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సింది నర్సుకు.

“మాకు రంజాన్ మాదిరి అనుకున్యా,” అంది మైమూన్. “నెలంతా రోజా ఉంటారు గదా మేము. వీళ్లకు గూడా ఈ నెల అట్ల అని ఆమే చెప్పింది. టిఫిన్ పళ్లెం వద్దనిందంటే పసుపుది ఇస్తి.” తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. “రెండోనాడు ఆమె అడిగింది. ఏమ్మే, ఇది రోజూ ఏంది అని. సిస్టరమ్మ చెప్పింది అన్యా. అయితే సరే అని మింగింది.”

భార్గవికి ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. తన పేరు చెబితే చాలునని ఆ ముసలామె నోరు తెరిచి మింగిన ప్రతి మాత్రా ఇప్పుడు ఆమెకు కనబడుతోంది. డాక్టరు చెప్పినదంతా మైమూన్‌కు చెప్పింది. మైమూన్ నిలబడినదల్లా నేల మీద కూర్చుండిపోయి, యా అల్లా అని ఒక్కసారి అనుకుంది.

డాక్టరుకు ఫోన్ చేయడానికి భార్గవి సెల్ తీసింది. అప్పుడే రాజశేఖర్ లోపలికి వచ్చాడు.

రాజశేఖర్ చెడ్డవాడు కాడు. పనివాళ్లు రాని రోజు తనే చీపురు పడతాడు. మంచాన ఉన్నవాళ్లకు తనే నీళ్లు పోసిన రోజులున్నాయి. కాకపోతే మర్నాడు మంగళవారం, జిల్లా నుంచి తనిఖీ బృందం వస్తోంది. ఈ తనిఖీలో గట్టెక్కితేనే లైసెన్సు ఇంకో మూడేళ్లకు దొరుకుతుంది. నెల రోజులుగా ఆయన గోడలకు సున్నం, మెట్లకు జారకుండా పట్టీలు, ఫైళ్లకు కొత్త అట్టలు వేయించడంలో మునిగి ఉన్నాడు. భార్గవి చెప్పిందంతా నిలబడే విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. విన్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆయన చెప్పిన ఉపాయం చాలా మామూలుగా ఉంది. డాక్టరుకు ఔననీ చెప్పద్దు, కాదనీ చెప్పద్దు. రోజూ పోయిందేమో అని అనుమానంగా ఉంది అని చెబితే చాలు, డాక్టరు తెలివైనవాడు, ఇంజక్షన్ తెప్పించుకుంటాడు. తనిఖీవాళ్లకు చూపించడానికి పోయిన వారం చార్టు మళ్లీ రాసి, శనివారం గడి ఖాళీగా వదిలేయాలి. ఇక మైమూన్, నర్సును అడగకుండా తనే మాత్రలు ఇచ్చానని ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆమెకు పని పోదని, మూడు నెలలు ఇంటి దగ్గరుంటే మళ్లీ పిలిపిస్తానని మాట ఇచ్చాడు.

“నీ గురించే చెప్తాండా భార్గవీ,” అన్నాడు. “చార్టు అబద్ధమని నీ నోటితో నువ్వు ఒప్పుకుంటే నీ రిజిస్ట్రేషన్ ఉంటాదా? ఈమెకైతే చదువు రాదు, తెలియక చేసింది అంటారు. చదువు రాని మనిషిని ఎవరూ ఉరి తియ్యరు. ఒక వేలిముద్ర, అంతే.”

రిజిస్ట్రేషన్ పోతే జాబితాలో పేరుండీ ఏం లాభం లేదని భార్గవికి వేరే చెప్పాలా? నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెకు ఈ ఉపాయం నచ్చింది. అబద్ధం కూడా కాదు, అనుమానమే కదా. ఇంజక్షన్ వస్తుంది, ఆమె బతుకుతుంది, తన ఉద్యోగం తనకుంటుంది. మైమూన్‌కు మూడు నెలలు సెలవు. భార్గవి గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిది దాటింది. ఎన్ని మాత్రలు పోయాయో తెలియాలని డాక్టరు అడిగిన మాట గుర్తుకొచ్చింది. అనుమానానికి లెక్క ఉండదు.

అంతవరకు నేల మీదే కూర్చున్న మైమూన్ లేచింది.

“నాకు చదువొచ్చు సార్,” అంది. “మీ చదువు రాదు, అంతే.”

బయటికి వెళ్లి, తన సంచిలోంచి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. కుడి వైపు నుంచి తెరిచింది. పేజీ నిండా ఉర్దూ అక్షరాలు, ఒత్తుగా, వరుస తప్పకుండా ఉన్నాయి. చిన్నప్పుడు మదరసాలో ఆరేళ్లు చదువుకుందట. చార్టులో తెలుగు, ఇంగ్లీషు రెండూ తనకు తెలియవు కాబట్టి, ఎవరికి ఏ పూట ఏ మాత్ర ఇచ్చిందో మింగించి వచ్చిన వెంటనే ఇందులో రాసుకునేదట. మరిచిపోతే తప్పయిపోతుందని భయం. రెండు నెలలుగా ఆమె పక్కనే పని చేస్తూ, ఆ పుస్తకంలో ఏం రాస్తున్నావక్కా అని భార్గవి ఒక్కసారైనా అడగలేదు. వంటింటి సామాన్ల చీటీ అనుకుంది.

మైమూన్ పేజీ మీద వేలు పెట్టి చదివింది. బుధవారం, పెళ్లికూతురి గది, పసుపు ఒకటి. గురువారం, పసుపు ఒకటి. శుక్రవారం, పసుపు ఒకటి. అలా తర్వాతి శుక్రవారం దాకా చదివింది. పది మాత్రలు. ఆ ఇంట్లో మందులకు సంబంధించి నిజం రాసిన పుస్తకం అదొక్కటే, దాన్ని చదవగలిగిన మనిషీ ఆమె ఒక్కతే.

రాజశేఖర్ చెయ్యి చాచాడు. ఆ పుస్తకం తన దగ్గర భద్రంగా ఉంటుందన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. మైమూన్ పుస్తకం మూసింది. ఆయనకు ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. భార్గవి ముఖంలోకి చూసింది. యజమాని అడుగుతున్నాడు, నర్సు ఏమంటుందో అన్నట్టు నిలబడింది. సిస్టరమ్మ చెబితే ఇప్పుడూ చేసేస్తుంది. అది చూశాక భార్గవి ఇంకేమీ ఆలోచించలేదు. పుస్తకం తీసుకుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“పది మాత్రలు సార్,” అని డాక్టరుకు ఫోన్‌లో చెప్పింది. “బుధవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకొకటి. మేము వస్తాండాం.”

రాజశేఖర్ ఆపలేదు. తలుపు దాకా వచ్చి, గేటు దాటితే రేపటి తనిఖీకి నర్సు లేదని రాసుకోవాల్సి వస్తుందని మాత్రం చెప్పాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో నీ ఇష్టం అన్నాడు. భార్గవి గేటు దాటింది. వెనకాలే మైమూన్ వచ్చింది. రోడ్డు మీద జమ్మలమడుగు వైపు నుంచి వస్తున్న ఆటో దొరికింది.

ఆసుపత్రిలో షరీఫ్ డాక్టరు వాళ్ల కోసమే చూస్తున్నాడు. అప్పటికే కడపకు మనిషిని పంపించాడు. మోటారు సైకిల్ మీద పోయినవాడు ఇంజక్షన్లు తీసుకుని ఒంటిగంటకల్లా వస్తాడని చెప్పాడు. పుస్తకం తీసుకుని, కుడి నుంచి తిప్పుకుంటూ తనే చదువుకున్నాడు. చదివేకొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇంత శుభ్రమైన చార్టు నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదన్నాడు. పొగడ్తగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. మైమూన్ తల దించుకుంది.

ఈ మాత్రలు ఇచ్చింది ఎవరని రాసుకోవాలి కదా అని డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. మైమూన్ నేనే సార్ అనబోయింది. భార్గవి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇచ్చింది ఆమె,” అంది. “ఒక్కపొద్దు రోజు ఇయ్యమని చెప్పింది నేను. చార్టులో శనివారం అని దొంగ సంతకం పెట్టింది నేను. అట్లనే రాయండి సార్.”

డాక్టరు ఒక్క క్షణం ఆమెను చూసి, అట్లనే రాశాడు. కింద సంతకం పెట్టమన్నాడు. భార్గవి పెట్టింది. పెట్టాక మనసు తేలికైంది. అంతకంటే ఎక్కువ భయమూ వేసింది. ఆ రెండూ ఒకేసారి ఉండగలవని ఆమెకు అప్పుడే తెలిసింది.

పది మాత్రలకు మోతాదు ఎంత కావాలో డాక్టరు పక్క కాగితం మీద లెక్క వేశాడు. చివరి మాత్ర శుక్రవారం పొద్దున పడింది కాబట్టి, మూడు రోజులు గడిచాయి కాబట్టి, ఒంట్లోంచి మందు చాలావరకు బయటికి పోయి ఉంటుంది, ఆశ ఉంది అన్నాడు. ఆ మాట విని మైమూన్ మొదటిసారి కళ్లు తుడుచుకుంది. ఆ ధైర్యంతోనే కావచ్చు, ఆయన అడగని సంగతి ఒకటి చెప్పింది. శుక్రవారం పదో మాత్రతో అట్ట ఖాళీ అయిపోయిందట. అదే మధ్యాహ్నం మందుల షాపుకు ఖాళీ అట్ట చూపించి కొత్తది తెచ్చిందట.

“ఆమె మాత్రల పెట్టెలోనే పెట్టి అంబులెన్సులో పంపించినా సార్. ఆస్పత్రిలో యాడ దొరుకుతాదో లేదో అని.”

డాక్టరు రాయడం ఆపాడు. పెట్టె ఎవరి చేతికిచ్చావని అడిగాడు. నారాయణప్పకు అంది మైమూన్. ఎలా వేయాలో చెప్పావా అని అడిగాడు. చెప్పినా సార్ అంది.

ముగ్గురూ వార్డులోకి పోయారు. డాక్టరు ముందు, పరుగు లాంటి నడక.

లక్ష్మీకాంతమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెదాలు నల్లగా ఎండి, అంచుల్లో రక్తం గడ్డకట్టి ఉన్నాయి. వంకర వేళ్లను దుప్పటి మీద ఎవరో జాగ్రత్తగా సర్దిపెట్టారు. పక్కన స్టూలు మీద నారాయణ కూర్చుని, తడి గుడ్డతో ఆమె నుదురు అద్దుతున్నాడు. మూడు రోజుల గడ్డం, నిద్ర లేని కళ్లు. డాక్టరును చూసి లేచి నిలబడ్డాడు.

అత్త మాత్రల పెట్టె ఏదని డాక్టరు అడిగాడు. నారాయణ మంచం కింద నుంచి తీసి ఇచ్చాడు. అందులో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తాకకుండా అలాగే ఉన్నాయి. వాటి పైన పసుపు మాత్రల కొత్త అట్ట ఉంది. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మూడు గుంతలు ఖాళీగా ఉన్నాయి. శనివారం, ఆదివారం, ఇవాళ.

“పాత మాత్రలన్నీ ఆపమని చెప్పినాం గదప్పా,” అన్నాడు డాక్టరు, చాలా నెమ్మదిగా.

“ఆపినా గదా సార్. బీపీదీ ఆపినా, షుగర్‌దీ ఆపినా,” అన్నాడు నారాయణ. “ఇది ఒక్కపొద్దుది. దేవునిది గదా, దాన్నెట్ల ఆపుతాం? అత్త ఈడ గూడా ఒక్కపొద్దు ఇడిసిపెట్టలేదు. నోరు మండుతాందని ఏడ్చినా గూడా, నీళ్లల్లో కరిగిచ్చి తాపిచ్చినా.”

మైమూన్ మంచం కడ్డీ పట్టుకుంది. తను చేసిన పనికి ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని నారాయణ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. చివరికి తెల్లకోటు లేకపోయినా నర్సని తెలిసిన భార్గవి దగ్గర అతని చూపు ఆగింది.

“రేపు గూడా ఇదే టయానికి ఇయ్యల్లనా సిస్టర్?” అని అడిగాడు.